కళ్లంలో దిగిన విమానాలు

మా అక్క విశ్వాసమ్మకు చెప్పిన పని చెప్పినంత మేరకే చేసి ఊరుకోవడం చేతకాదు. ఎప్పుడూ నాలుగింతలు ఎక్కువ చేస్తుంది. ఈ మాట నేను కోపంతో అనడం లేదు. కాదు, అబద్ధమెందుకు, కొంచెం కోపంతోనే అంటున్నాను. పంతొమ్మిది వందల యాభై ఎనిమిది ఫిబ్రవరిలో ఓర్వకల్లు దగ్గర బీడు భూమిలో జరిగిన సంగతి చెప్పాలంటే అక్క నుంచే మొదలుపెట్టాలి.

నా పేరు ఏసేపు. అప్పటికి వాయుసేనలో చేరి పదిహేనేళ్ళయింది. ఇంజన్లు, చక్రాలు, వాటి కాళ్ళు బాగుచేసే ఫిట్టరు పని నాది, హోదా సార్జెంటు. మాది ఓర్వకల్లుకు రెండు మైళ్ళ దూరంలో ఒక పల్లె. మా నాన్న లేవి నాకు ఆరేళ్ళప్పుడు పోయాడు. ఏడాది తిరక్కుండా అమ్మ కూడా పోయింది. నాకంటే పన్నెండేళ్ళు పెద్దదైన అక్క నన్ను వెంటబెట్టుకుని కూలికి పోయింది. నందికొట్కూరు మిషన్ బడిలో వేసి చదివించింది. నేను విమానాల్లో పనికి కుదిరానని తెలిసిన రోజు మూడు పూటలు తిండి మానేసి ప్రార్థన చేసిందట. ఉద్యోగం దొరికినందుకు కాదు, నేను పైనుంచి కింద పడకుండా ఉండాలని. ఫిట్టర్లు నేల మీదే పనిచేస్తారని ఎన్నిసార్లు చెప్పినా నమ్మేది కాదు.

ఇక అసలు సంగతి. సముద్రం అవతల ఒక చిన్న దేశం ఉంది. దాని పేరు చెప్పను. అప్పుడప్పుడే సొంతంగా వాయుసేన పెట్టుకుంటున్నారు. వాయుసేన అంటే ఏముంది, ముగ్గురు నేర్పేవాళ్ళు, తొమ్మిదిమంది నేర్చుకునేవాళ్ళు, ఎవరో వాడి వదిలేసిన నాలుగు పాత విమానాలు. ఆ తొమ్మిదిమందిలో ఇద్దరు అంతకుముందు సంవత్సరం చనిపోయారు. యుద్ధం లేదు, తుఫాను లేదు. దిగేటప్పుడు చక్రం కాలు విరిగి విమానం తలకిందులైంది. ఒకసారి కాదు, రెండుసార్లు. అందుకని మంచి శిక్షణ విమానాలు ఎంచుకోవడానికి వాళ్ళ కెప్టెన్ ఒకాయన మన దేశం వచ్చాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. నన్ను ఆయనకు తోడుగా వేశారు.

"ఎనిమిది విమానాలు కొంటాం. ఒక్కసారే కొంటాం. తప్పు విమానం ఎంచుకుంటే ఇంకో పదేళ్ళు దాంతోనే మా పిల్లలకు నేర్పాలి," అన్నాడాయన మొదటి రోజే. ఆ ఇద్దరు కుర్రవాళ్ళనూ ఆయనే చేరదీసి తెచ్చుకున్నాడట. ఒకడికి పంతొమ్మిది, ఇంకొకడికి ఇరవై. వాళ్ళ పేర్లు కూడా చెప్పాడు గాని నాకు నోరు తిరగలేదు.

బెంగుళూరులో ఆయనకు రెండు రకాలు చూపించారు. ఒకటి వెండి రంగుది. దానికి ముక్కు కింద ఒక చక్రం, రెక్కల కింద రెండు. నేల మీద చదునుగా నిలబడుతుంది, ముందు దారి చక్కగా కనబడుతుంది, దింపడం సులువు. రెండోది పసుపు రంగుది. దానికి ముందు రెండు చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం. ముక్కు పైకెత్తుకుని కూచుంటుంది. దిగేటప్పుడు ముందు ఏముందో కనబడదు, నేల తాకాక ఏమాత్రం ఏమరినా పక్కకు తిరుగుతుంది. నేర్చుకునేవాడి ప్రాణం తోడేస్తుంది. సిమెంటు రన్‌వే మీద రెండూ దిగాయి. కెప్టెన్ సంతోషించలేదు.

"మా దేశంలో సిమెంటు ఒక్కచోటే ఉంది. తక్కినదంతా రాళ్ళు, నెర్రెలు. చెడ్డ నేల ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు.

"చెడ్డ నేల కావాలంటే మా ఊరికి రండి సార్," అన్నాను. నవ్వులాటకు అన్న మాట అది. ఆయన నవ్వలేదు. నాలుగో రోజుకు మేమిద్దరం, మా స్క్వాడ్రన్ లీడరు, ఒక జీపు, ఓర్వకల్లు బీళ్ళలో ఉన్నాం.

కెప్టెన్ జీపు దిగి ఆ ఎండలో రెండు గంటలు నడిచాడు. ఎర్రనేల, గరుసు, నిమ్మకాయంత రాళ్ళు, పిడికిలంత రాళ్ళు, అక్కడక్కడా నల్లమట్టిలో చెయ్యి దూరేంత నెర్రెలు. గొంతుక్కూచుని ఒక నెర్రెలో చెయ్యి పెట్టి చూశాడు. లేచి, "ఇదే మా దేశం," అన్నాడు. రెండు పెద్ద బండగుండ్ల మధ్య నాలుగు వందల గజాలు ఎంచి నాతో చెప్పాడు. "దీన్ని ముట్టుకోవద్దు. టెంకాయ కంటే పెద్ద రాళ్ళుంటే తీసేయించు. తక్కినదంతా ఇట్లాగే ఉండాలి."

రోడ్డుకు కంకర కొట్టే కూలీల గుంపు ఒకటి అక్కడికి దగ్గర్లోనే పనిచేస్తోంది. నలభైమంది ఆడవాళ్ళు, ఐదారుగురు మగవాళ్ళు, ఎద్దులబండితో పెద్ద ఈరన్న. ఆ గుంపుకు పెద్ద మా అక్క. వేరే ఎవరినో వెతుక్కోవడం దేనికని ఆమెకే పని చెప్పాను.

"అంతేనా? టెంకాయంతవి తీస్తే సాలునా?" అంది.

"సాలు."

"నిమ్మకాయంతవి?"

"ఉండనీ."

"గుంతలుండాయి గదరా. నెర్రెలు జూడు, మేకపిల్ల కాలు ఇరుక్కునేటట్లుండాయి."

"ఉండనీ అక్కా. అవి అట్లే ఉండల్లంట."

అక్క నేల వైపు చూసి అడిగింది. "ఇమానంలో ఎవరు కూచుంటారు?"

"ముందర నడిపేటాయప్ప. ఎనక నేను."

మళ్ళీ ఏమీ అడగలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. ఆ నేల ఎందుకు అట్లా ఉండాలో కూడా అప్పుడే చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. కూలిపని చెప్పేవాళ్ళెవరూ ఎందుకో చెప్పరు, నేనూ ఆ బుద్ధిలోనే పోయాను. నా తప్పుల్లో అది మొదటిది.

విమానాలను తీసుకురావడానికి బెంగుళూరు పోయి, కాగితాలు కదిలి, తిరిగి వచ్చేసరికి పన్నెండు రోజులు పట్టింది. వెండిదాన్ని మా పైలట్టు ఒకతను నడుపుకొచ్చాడు. పసుపుదాన్ని కెప్టెనే నడిపాడు, నేను వెనక కూచున్నాను. పైనుంచి చూస్తే నేల ఎప్పటిలాగే ఉంది. ఎర్రగా, రాళ్ళతో. కెప్టెన్ దిగి, దాని మీద అటూ ఇటూ నడిచి తల ఊపాడు. మా ఊరి జనం, పక్క ఊళ్ళ జనం గుండ్ల మీద ఎక్కి కూచున్నారు. పెద్ద ఈరన్న విమానాలకు ఎద్దుల పేర్లు పెట్టినట్టు "ఎండిది", "పసుపుది" అని పేర్లు కూడా పెట్టేశాడు.

రెండు రోజులు పరీక్ష జరిగింది. ఒక్కొక్కటి ఇరవైసార్లు లేవడం, ఇరవైసార్లు దిగడం. ప్రతిసారీ వెనక సీటులో నేను. వెండిది దిగితే నీళ్ళలో పడవ ఆనినట్టు ఆనింది. పసుపుది మాత్రం తన గుణం చూపించింది. రెండుసార్లు పక్కకు తిరిగింది, ఒకసారి రెక్క కొస నేలకు రాసుకుంది. రెండో రోజు సాయంత్రానికి కెప్టెన్ ముఖం తేటపడింది.

"వెండిదే. మా పిల్లలు సగం రోజుల్లో నేర్చుకుంటారు. కాళ్ళు కూడా గట్టివేనని తేలింది. రేపు పొద్దున సంతకం పెడతాను," అన్నాడు. ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. నాకూ సంతోషమైంది. మా నేల మీద ఒక మంచి నిర్ణయం జరిగిందని గర్వపడ్డాను కూడా.

పొద్దు ఇంకా ఉంది. చక్రాలు చూద్దామని వెండిదాన్ని జాకీ మీద ఎత్తాను. టైరు తిప్పి చూస్తే ఒక్క కోత లేదు. నలభైసార్లు ఆ రాళ్ళ మీద విమానాలు దిగాయి, ఏ టైరుకూ గాటు లేదంటే మనసు ఒప్పలేదు. ముక్కు చక్రం దగ్గరికి పోయాను. టైరు గాడుల్లో పచ్చగా ఏదో ఎండి అతుక్కుని ఉంది. గోటితో గీకాను. వాసన చూశాను. పేడ.

ఆ బీట్లో ఆ రోజుల్లో పశువులు మేయవు, మేయడానికి ఏమీ ఉండదు. నేను నేరుగా విమానాలు ఆనే చోటికి పోయి బూటు మడమతో రాళ్ళను పక్కకు తోశాను. రాళ్ళు ఊరికే పైన పడి ఉన్నాయి, ఒక్కటీ నేలలో దిగి లేదు. వాటి కింద బల్లలాంటి చదును. మోకాళ్ళ మీద కూచుని రెండు చేతులతో ఊడ్చి చూశాను. కళ్లం. అచ్చంగా నూర్పిడి కళ్లం.

మా వైపు కళ్లం చేయడం ఎవరికీ నేర్పనక్కరలేదు. గుంతల్లో గరుసు పోసి, నీళ్ళు చల్లి, ఎద్దులతో రాతిగుండు దొర్లించి, దిమ్మిసలతో కొట్టి, పేడనీళ్ళతో అలికి ఎండబెడితే జొన్నగింజ ఒక్కటి కూడా మట్టిలో కలవదు. మా అక్క విమానాలకు కళ్లం చేసింది. చేసి, ఏరిన రాళ్ళను గంపలతో తెచ్చి మళ్ళీ దాని మీద పరిచింది.

పెద్ద ఈరన్న బండి దగ్గర బీడీ కాలుస్తున్నాడు. పోయి అడిగాను. దాచలేదు, దాచవలసిన సంగతని కూడా అతనికి తోచలేదు.

"పన్నెండు దినాలు నా ఎద్దులు గుండు లాగినాయప్పా. మూడూర్ల పేడ తెచ్చినాం. దిగే తావు నూరు గజాలు అలికినాం, తక్కినదంతా గుండు తోలి ఇడిసినాం. జొన్న కోతలు పెట్టుకోని గూడా అందరం వచ్చినాం. మీ అక్క అడిగితే కాదనే మొగోడు ఈ సుట్టుపక్కల ఉండాడా?"

"రాళ్ళు మళ్ళీ ఎందుకు పరిచినారు?"

"దొర రాళ్ళుండల్లని జెప్పినాడంట గదా. ఉండాయి గదా రాళ్ళు," అన్నాడు ఈరన్న.

అక్క ఇంటి ముందు రొట్టెలు కాలుస్తోంది. నన్ను చూసి, నా ముఖం చూసి, పెనం దింపింది. నేను అరిచాను. ఆ వీధిలో నేను అట్లా అరవడం ఎవరూ వినలేదు. నలుగురిలో నా పరువు తీశావన్నాను. పదిహేనేళ్ళ నా సర్వీసు మట్టిలో కలిపావన్నాను. ఆమె అంతా విని, పిండి చేతులు తుడుచుకుని నిదానంగా చెప్పింది.

"నువ్వు టెంకాయంతవి తీయమంటివి, తీసినా. తక్కినవి ఉండల్లంటివి, పెట్టినా. నేను మాట తప్పింది యాడరా?"

"కింద కళ్లం జేయమని ఎవురు జెప్పినారు?"

"ఆ నెర్రెలో చక్రం ఇరుక్కోని ఇరిగితే నువ్వు ఉంటావా? నీకు నాయన లేడు, అమ్మ లేదు. నేనుండా. కండ్ల ముందర గుంతలు పెట్టుకోని పూడ్చకుండా కూచుంటానా?"

నేల ఎందుకు అట్లా ఉండాలో అప్పుడు చెప్పాను. చనిపోయిన ఆ ఇద్దరు కుర్రవాళ్ళ సంగతి చెప్పాను. రేపు పొద్దున ఆయన సంతకం పెడితే ఇంకా ఎంతమంది పోతారో ఎవరికి తెలుసన్నాను. దింపిన పెనం మీద రొట్టె చల్లారిపోతున్నా అక్క దాని వైపు తిరగలేదు.

బీడు పక్కన వేసుకున్న మా గుడారాలకు తిరిగి వచ్చి మా స్క్వాడ్రన్ లీడరుకు చెప్పాను. "మీవాళ్ళు చేసిన పని ఇది. మీ నోటితోనే చెప్పండి కెప్టెన్‌కు. చేసినావిడను కూడా పిలుచుకు రండి. లేకపోతే మనమే ఏదో కప్పిపుచ్చుతున్నామని అనుకుంటాడు," అన్నాడు. అన్నది న్యాయమే.

మర్నాడు తెల్లవారగానే అక్కను తీసుకుపోయాను. ఉతికిన చీర కట్టుకుని, ఆదివారం గుడికి పోయినట్టు తలమీద కొంగు కప్పుకుని వచ్చింది. కెప్టెన్ మడత బల్ల ముందు కూచున్నాడు, కాగితాలు ఎదురుగా ఉన్నాయి. నేను చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టాడు. లేచి ఆ చోటికి నడిచి, రాళ్ళు తోసి చూసి, తిరిగి వచ్చాడు. వాళ్ళిద్దరి మధ్య నేను మాటలు అటూ ఇటూ మోశాను.

"ఎందుకు చేశారో అడగండి."

"మా తమ్ముడు కూచుంటాడంటే చేసినా. ఇంకెవరన్నా కూచునేదుంటే రాళ్ళు తీసి ఇంటికి పోయేదాన్ని."

రెండో వాక్యం మింగేద్దామనుకున్నాను. ఎందుకో మింగబుద్ధి కాలేదు, ఉన్నదున్నట్టు చెప్పాను. కెప్టెన్‌కు కోపం రాలేదు. తల ఊపాడు. అప్పుడు అక్కే అడిగింది.

"వాండ్ల దేశంలో కళ్లం జేసేటోండ్లు లేరా? ఆ పిల్లోండ్లకు అమ్మలు, అక్కలు లేరా? దిగే తావు బాగ జేసి పెట్టుకోమను. ఇమానాన్ని ఎందుకు తిట్టేది?"

కెప్టెన్ చెప్పాడు. "ఉన్నారు. చెబితే ఈమెలాగే చేస్తారు. కానీ గాలిలో ఇంజను ఆగిపోయిన పిల్లవాడు ఎక్కడ దిగుతాడో వాళ్ళకు తెలియదు."

నేను తెలుగులో చెప్పాను. "అట్లనా," అంది అక్క. తరువాత కెప్టెన్‌కు రెండు చేతులూ జోడించి, నా వైపు చూడకుండా బండి దగ్గరికి పోయి నిలుచుంది.

పక్కన నరసన్న బీడు ఉంది. ఏ కాలంలో దున్నారో ఎవరికీ గుర్తు లేని భూమి. పరీక్ష దాంట్లో మళ్ళీ చేద్దామన్నాడు కెప్టెన్. టెంకాయంత రాళ్ళు నేనూ, మాతో వచ్చిన ఇద్దరు ఎయిర్‌మెన్లూ కలిసి రెండు రోజుల్లో తీశాం. కూలీలను దగ్గరికి రానివ్వలేదు. నడిపేది తానేనన్నాడు కెప్టెన్. "వెనక సీటులో నువ్వు వద్దు. ఇసుక బస్తా పెట్టి కట్టండి. బరువు సరిపోతే చాలు," అన్నాడు నాతో.

"నేనే కూచుంటాను సార్," అన్నాను.

"అవసరం లేదు."

"ముక్కు చక్రం ఎట్లా పనిచేస్తుందో దగ్గర ఉండి చూడాలి సార్."

వెనక సీటులోంచి ముక్కు చక్రం కనబడదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, స్క్వాడ్రన్ లీడరుకూ తెలుసు. ఇద్దరూ నా ముఖం చూశారు. ఏమనుకున్నారో గాని, సరేనన్నారు. ధైర్యమనుకుని ఉంటారు. ధైర్యం కాదది. నాకు ముప్పై నాలుగేళ్ళు, నా కింద పనిచేసేవాళ్ళున్నారు, నేను సంతకం పెట్టందే విమానం నేల వదలదు. అటువంటివాణ్ణి నలభైమంది ఆడవాళ్ళు, ఎద్దులు, మూడూళ్ళ పేడ కలిసి కాపాడారని రెండు రోజుల్లో నాలుగూళ్ళకు పాకింది. నా ఒళ్ళు మండిపోతోంది. నువ్వు పూడ్చని నేల మీద కూడా నేను దిగగలనని అక్కకు చూపించాలి. అంతే, ఇంకేమీ లేదు.

మొదట పసుపుదాన్ని తీశాం. అది నరసన్న బీట్లో దిగుతుంటే బండలు దొర్లించిన మోత. పళ్ళు పటపటలాడాయి. పక్కకు తిరిగింది, కెప్టెన్ తిట్టుకుంటూ సరిచేశాడు. పన్నెండుసార్లు దిగాం. తోకచక్రం ఇనప పట్టీ వంగింది, అరగంటలో సుత్తితో సరిచేశాను. కాళ్ళకు ఏమీ కాలేదు. టైర్ల నిండా కోతలు, నాకు చూడముచ్చటగా అనిపించాయి.

తరువాత వెండిది. ఎక్కేముందు ఒకసారి చూశాను. అక్క ఈరన్న బండిచక్రం పట్టుకుని నిలబడి ఉంది. చేత్తో పోవద్దని సైగ చేసింది. ఒక్కసారే. నేను చూడనట్టు ఎక్కి పట్టీలు బిగించుకున్నాను.

ఒకసారి దిగాం, బాగానే ఉంది. రెండోసారి ముక్కు ఎగిరి పడింది, అయినా ఆగింది. మూడోసారి వెనక చక్రాలు ఆని, ముక్కు కిందికి దిగి, చక్రం ఒక నెర్రెలో పడింది. కొయ్య విరిగినట్టు చప్పుడు. ముక్కు నేలలో దిగబడింది, తోక ఆకాశంలోకి లేచింది. తిరగబడుతుందనే అనుకున్నాను. నిలబడి, ఆలోచించి, వెనక్కు పడింది. నా ముఖం ముందున్న కడ్డీకి కొట్టుకుంది. దుమ్ములో ఏమీ కనబడలేదు గాని నోట్లో పళ్ళు ఊడి తిరుగుతున్నాయని తెలిసింది. కెప్టెన్‌కు కనుబొమ పగిలింది. "బతికే ఉన్నావా?" అని అరిచాడు. "ఉన్నాను సార్," అన్నాను.

దిగి బండి వైపు నడిచాను. రెండు ముందు పళ్ళు నా చేతిలోనే ఉన్నాయి. జనం పరిగెత్తుకు వస్తున్నారు, ఈరన్న వస్తున్నాడు. అక్క మాత్రం రాలేదు. బండిచక్రం పక్కన కాళ్ళు చాపుకుని కూలబడి ఉంది. లేవాలని చూస్తోంది, కాళ్ళు లేవడం లేదు. నేను దగ్గరికి పోయి, నోరంతా రక్తంతో నిలబడి నవ్వాను.

"చూసినావా అక్కా? ఏమీ కాల్యా," అన్నాను.

ఆమె ముఖం చూడాలనే గదా ఎక్కాను. చూశాను. మా నాన్న శవం ముందు కూడా ఆమె ముఖం అట్లా లేదు. నా నవ్వు ఆగిపోయింది. అక్క నన్ను పట్టుకుని లేచింది. కొంగుతో నా నోరు తుడిచింది, రెండోసారి తుడిచింది, రక్తం ఆగేదాకా అదిమి పట్టుకుంది. ఆగాక కొంగు విదిలించుకుని ఇంటి దారి పట్టింది.

కెప్టెన్ ఆ సాయంత్రమే పసుపువాటికి సంతకం పెట్టాడు. "నేర్చుకోవడానికి రెట్టింపు రోజులు పడుతుంది. పట్టనీ," అన్నాడు. పోయేముందు అక్క ఇంటికి వచ్చి, గుమ్మం ముందు టోపీ తీసి నిలబడ్డాడు. ఆమె మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగి, వంగి నమస్కారం పెట్టి పోయాడు.

అక్క నాతో మాట్లాడడం మానేసింది. సెలవు మీద ఇంటికి పోతే అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, ప్రార్థనలో నా పేరు చెప్పేది. నాతో మాట మాత్రం ఉండేది కాదు. "వాణ్ణి తినమను," అని పక్కింటి సంతోషమ్మతో చెప్పేది. సంతోషమ్మ లేకపోతే గోడతో చెప్పేది. మొదట నవ్వొచ్చింది. తరువాత కోపమొచ్చింది. ఆరు నెలలు పోయాక భయమేసింది. అప్పటికి నాకు కట్టుడు పళ్ళు కూడా వచ్చేశాయి, మాటలో ఈల పోయింది, ఆమె మౌనం మాత్రం పోలేదు.

పద్నాలుగు నెలల తరువాత కెప్టెన్ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. సెలవు పెట్టి ఆ ఉత్తరం పట్టుకుని ఊరికి పోయాను. అక్క వాకిట్లో కందులు చెరుగుతోంది. ఎదురుగా కూచుని, అడగకపోయినా చదివి, తెలుగులో చెప్పాను. ఎనిమిది విమానాలూ చేరాయి. రెక్కలు రాసుకోని రోజు లేదు, తోకచక్రాలు వంగని వారం లేదు. ఇద్దరు పిల్లలు ఇంజను ఆగి బీళ్ళలో దిగారు. ఒకడు ఏకంగా రాళ్ళగుట్ట పక్కనే దిగాడు.

చేట ఆగింది.

"ఎంతమందిరా ఆ పిల్లోండ్లు?" అంది. పద్నాలుగు నెలల తరువాత నాతో అన్న మొదటి మాట అది.

"పదహారుమంది ఇప్పుడు."

"అందరూ ఉండారా?"

"అందరూ ఉండారక్కా."

"దేవునికి స్తోత్రం," అంది. చేట మళ్ళీ ఎత్తి, నాలుగుసార్లు చెరిగి, పొట్టు ఊది, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఆ పొద్దు నీ తావులో ఇసుక బస్తా పెట్టిండినా ఆ చక్రం ఇరిగేదే గదరా? వాండ్లకు తెలిసేదే గదా?"

పద్నాలుగు నెలలు ఆమె ఈ మాట కోసమే ఆగింది. సర్వీసు గురించి, బాధ్యత గురించి చెప్పడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. అన్నీ ఊళ్ళో వాళ్ళకు చెప్పినవే.

"తెలిసేదే అక్కా," అన్నాను.